పేరు రాయని చదరం

మొన్న తొలకరి పడ్డ సాయంత్రం మా పెరటి వెనక పంటకాలవలో కప్పలు అందుకున్నాయి. రెండు రకాల అరుపులు. ఒకటి గొంతు బొంగురుపోయినవాడు ఎవరినో పిలుస్తున్నట్టుంటుంది. రెండోది కొబ్బరిచిప్ప మీద పుల్లతో గీసినట్టుంటుంది. అమలాపురంలో ఇన్నేళ్ళుగా వింటున్నవే. మొన్న మాత్రం ఆ రెండో అరుపు వినగానే చేతిలో చాట కింద పెట్టి అరుగు మీద కూలబడిపోయేను. దాన్ని అచ్చం అలాగే అరవగలిగిన మనిషి ఒకరు నాకు తెలుసు. మా సైన్సు టీచరుగారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ ఆవిడ గురించి నేనెవరితోనూ మాట్లాడలేదు. మొదలుపెడితే నా గురించి కూడా చెప్పాల్సొస్తుందని.

డెబ్బైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆవిడ మా ఊరి హైస్కూలుకి వచ్చేరు. రాజోలుకి నాలుగు మైళ్ళు మా ఊరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎప్పుడూ లేతరంగు నేతచీర. చెంగు తల మీంచి నుదురు సగం మూసేలా కప్పుకునేవారు. చర్చికెళ్ళే ఆడవాళ్ళు ప్రార్థనప్పుడు కప్పుకున్నట్టు ఈవిడ రోజంతా కప్పుకునేవారు. భక్తి ఎక్కువ కాబోలనుకునేవాళ్ళం. బోర్డు మీద రాస్తూంటే చెంగు జారబోయేది. కుడిచేతిలో సుద్ద ఆగేది కాదు, ఎడమచెయ్యి దానంతటదే పైకెళ్ళి చెంగు లాగి కిందకొచ్చేసేది. ఆ చేతికి వేరే బుర్ర ఉందని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆవిడది పరాయి ఊరు కాదు. కాలవగట్టు చివర ఉన్న పేటలో పుట్టేరు. వాళ్ళమ్మ వయసులో ఉన్నంతకాలం మా కొబ్బరితోటల్లో పనిచేసిందిట. పిల్లని చిన్నప్పుడే దూరంగా మిషను హాస్టల్లో వేసి చదివించింది. ఆ పిల్ల టీచరై ఎక్కడెక్కడో పనిచేసి, తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, ఆవిణ్ణి చూసుకోడానికి మా ఊరు వేయించుకుని వచ్చేరు.

క్లాసులో అందరినీ 'అండీ' అనేవారు. మిగతా మేష్టర్లకి పెద్దిళ్ళ పిల్లలు 'అమ్మాయిగారు', 'అబ్బాయిగారు', పేట పిల్లలు 'ఒరేయ్', 'ఒసేయ్'. ఈవిడకి ఆ తేడా లేదు. ముక్కు కారుతున్నవాణ్ణి కూడా "మీరు చెప్పండి" అని లేపేవారు. మొదటివారం వాళ్ళకి తమనే పిలుస్తున్నారని అర్థంకాక వెనక్కి తిరిగి చూసుకునేవారు.

మొదటిరోజు హాజరు వేసేక బల్లల మధ్య నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి ఆగిపోయేరు. నా నుదుటి పైన, ఎడమవేపు, పుట్టుకతోనే వేలెడు వెడల్పున తెల్లజుట్టు పాయ ఉంది. మా ఇంట్లో దాన్ని పాలపాయ అంటారు. ఆవిడ కాసేపు చూసి, "సుద్ద అంటుకున్నట్టుందండి" అని చెంగుకొసతో దాన్ని తుడిచేరు. ఒకసారి తుడిచి, రెండోసారి ఊరికే నిమిరినట్టు.

"సుద్ద కాదండి, పాలపాయండి. మా తాతగారికీ, నాన్నగారికీ, నాకూ ఉంది. మా వంశంలోవాళ్ళకే వస్తుందండి," అన్నాను గొప్పగా.

"ఆయ్," అన్నారు. వెళ్ళిపోయేరు.

బడి ప్రహరీ పక్కన ఆవిడ చంద్రకాంత మొక్కలు వేయించేరు. ఓ వరస ఎరుపు, ఓ వరస తెలుపు. సాయంత్రం విచ్చుకునే పూలు కదా, మధ్యాన్నమే మమ్మల్ని తీసుకెళ్ళి, ఎర్రమొక్క మీద మర్నాటికి పూసే మొగ్గని తలపిన్నుతో చీల్చి, లోపల పుప్పొడి తిత్తులు తీసేసేవారు. నోటుపుస్తకం కాగితంతో టోపీ చేసి మొగ్గకి తొడిగి దారం కట్టేవారు. మర్నాడు సాయంత్రం టోపీ తీసి, తెల్లపువ్వు పుప్పొడి దానికి రాసేవారు. మిరియంగింజలాంటి నల్లటి విత్తనం వచ్చేది. ఆ విత్తనం మొలిచి పూసిన రోజు మా క్లాసంతా మొక్క చుట్టూ మూగేం. ఎరుపూ కాదు, తెలుపూ కాదు. గులాబిరంగు.

"రంగులు కలిసిపోయేయండి!" అని అరిచేం.

"కలవలేదండి. చూద్దాం," అన్నారు.

ఆ గులాబిపూల విత్తనాలు వేస్తే మళ్ళీ ఎరుపొచ్చింది, గులాబీ వచ్చింది, ఓ మూల రెండు మొక్కలకి పాలలాంటి తెలుపొచ్చింది. ఆవిడ ఆ తెల్లపువ్వు దగ్గర గొంతుక్కూర్చుని, "చూసేరా? తాతలనాటి తెలుపు. ఎక్కడికీ పోలేదు, లోపల విడిగానే ఉంది. పిల్లల్లో కనబడలేదు, మనవల్లో కనబడింది. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరండి," అన్నారు. ఆ చివరి మాట ఆవిడకి ఊతపదంలా ఉండేది. హాజరు వేస్తూంటే ఎవరైనా రాకపోయినా అదే అనేవారు.

మేం పదో తరగతికొచ్చేసరికి మనుషుల్లో లక్షణాలు ఎలా వస్తాయో చెప్పడం మొదలుపెట్టేరు. కొన్ని ఇలా దాక్కుంటాయి. కొన్ని దాక్కోవు. దాక్కోనిది ఎవరికైనా ఉందంటే తల్లికైనా తండ్రికైనా ఉండి తీరాలి. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా గీసి, లక్షణం ఉన్నవాళ్ళది నింపి, లేనివాళ్ళది ఖాళీగా వదిలి, మూడు తరాల పటం గీసుకు రమ్మన్నారు. చెవితమ్మెలు, బుగ్గసొట్ట, ఏదైనా సరే. నేను పాలపాయ తప్ప ఇంకేం గీస్తాను? తాతగారి చదరం, నాన్నగారి చదరం, నా సున్నా, మూడూ నల్లసిరాతో నిండుగా నింపి, చుట్టూ లతలు కూడా వేసేను.

ఆవిడ నా పటం చాలాసేపు చూసేరు. తాతగారి చదరం మీద వేలు పెట్టి, తీసేరు. పదికి పది వేసి, "చాలా శుభ్రంగా గీసేరండి," అన్నారు. అందరి పటాలూ గోడకి అంటించేరు, నాది మాత్రం తిరిగిచ్చేసేరు. లతలు వేసినందుకు కోపం వచ్చిందనుకున్నాను.

ఆ వానాకాలం చివర కప్పలు పట్టడానికి మమ్మల్ని పడవ మీద అవతల లంకకి తీసుకెళ్ళేరు. తిరిగొస్తూ గోదారి మధ్యకొచ్చేక మమ్మల్ని మాట్లాడొద్దని, ముందు బొంగురుగొంతుతో ఒక అరుపు అరిచేరు. తర్వాత కొబ్బరిచిప్ప గీసినట్టు రెండో అరుపు. సరంగు తెడ్డు ఆపి నవ్వేడు.

"ఒకప్పుడు ఇవి ఒకటే కప్పలనుకోండి," అన్నారు. "మధ్యలో నీళ్ళడ్డం పడ్డాయి. కప్ప ఈదలేదా అని అడుగుతారు. ఉప్పునీళ్ళనుకోండి, ఉప్పునీళ్ళలో కప్ప బతకదు. ఈ ఒడ్డువి ఇక్కడే, ఆ ఒడ్డువి అక్కడే. వేల తరాలు. ఈ ఒడ్డున అరుపు కొంచెం మారింది. ఆ ఒడ్డున ఇంకోలా మారింది. ఇప్పుడు నీళ్ళు తీసేసి రెండిటినీ ఒక్కచోట వదిలితే, దీని పిలుపు దానికి అర్థం కాదు. జత కట్టవు. అప్పుడు రెండు జాతులైపోయినట్టు."

"మరి మనుషులండి?" అని ఎవరో అడిగేరు. "గోదారికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు వేరే జాతులైపోతారాండి?"

ఆవిడ గట్టిగా నవ్వేరు. "ఎలా అవుతారండి? మనిషి పడవ కట్టేడు కదా!"

సరిగ్గా అప్పుడే గాలి కొట్టింది. ఆవిడ రెండు చేతుల్లో కప్పల సీసాలున్నాయి. చెంగు ఎగిరి భుజం మీద పడింది. నేను ఎదురుగా కూర్చున్నాను. నూనె రాసి బిగించి దువ్విన నల్లటి జుట్టు. అందులో, నుదుటి పైన, ఎడమవేపు, వేలెడు వెడల్పున తెల్లటి పాయ.

రెండు సెకన్లు కూడా కాదు. సీసాలు ఒళ్ళో పెట్టుకుని చెంగు లాక్కున్నారు. నేను చూసేనని చూసేరు. "గాలెక్కువగా ఉందండి ఇవాళ," అన్నారు.

ఆవిడ చెప్పిన పాఠం నాకు బాగా వచ్చు. దాక్కోని లక్షణం. తల్లికైనా తండ్రికైనా ఉండి తీరాలి.

ఇంటికెళ్ళి వంటింట్లో అమ్మకి చెప్పేను. "టీచరుగారిక్కూడా పాలపాయ ఉందే అమ్మా." అమ్మ నా నోటి మీద కొట్టింది. అంతకు ముందెప్పుడూ అమ్మ చెయ్యి చేసుకోలేదు. "ఇంకోసారి ఆ మాట ఎత్తేవంటే చూడు," అంది, గుమ్మంవేపు చూసుకుంటూ. వీధరుగు మీద తాతగారు పడక్కుర్చీలో ఉన్నారు. అంటే అమ్మకి తెలుసు. అమ్మకి తెలుసంటే ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. తెలీనిది మా పిల్లలకే.

నాకు కోపం రావాల్సింది ఎవరి మీదో ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం ఆవిడ మీద వచ్చింది. నా ఒక్కదానిదీ అనుకున్నది ఆవిడ ఎత్తుకుపోయినట్టు అనిపించింది. పేటలో మనిషి తల మీద అది ఉండడమేమిటి? వారం తిరిగేక సోమవారంనాడు సైన్సు క్లాసులో లేచి నిలబడ్డాను.

"టీచరుగారూ, అందరి ఇళ్ళ పటాలూ గీయించేరు. మీ ఇంటి పటం గీయలేదేమండి?"

నా గొంతులో ఉన్నదేమిటో ఆవిడకి అర్థమైంది. పుస్తకం మూసేరు. నావేపు చూసేరు. తిడతారనుకున్నాను. లెక్క తప్పు చేసిన పిల్లని చూసినట్టు చూసేరంతే.

"అడగాల్సిన ప్రశ్నేనండి," అన్నారు.

బోర్డు మీద ఒక ఖాళీ సున్నా గీసేరు. "ఇది మా అమ్మ. ఆవిడకి లేదు." దాని కింద ఇంకో సున్నా గీసి సుద్దతో నింపేరు. "ఇది నేను." సుద్ద బల్ల మీద పెట్టి, రెండు చేతులతో చెంగు తీసి భుజాల మీద వేసుకున్నారు. క్లాసంతా ఆవిడ తల చూసింది. తర్వాత నా తల చూసింది.

"ఇది దాక్కోదని చదివేం కదా. అమ్మకి లేదు, నాకుంది. మరి రెండోవేపు ఏముండాలండి?"

ముందుబల్ల మీంచి ఒకమ్మాయి, "నింపిన చదరమండి," అంది.

ఆవిడ చదరం గీసేరు. మూలలు కూడా వదలకుండా నింపేరు. నింపుతూంటే సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే పూర్తిచేసేరు.

"పేరు రాసుకోవాలాండి?" అని వెనకనుంచి ఎవరో అమాయకంగా అడిగేరు.

"లెక్కకి పేరు అక్కర్లేదండి," అన్నారు. బోర్డు ఆవిడే తుడిచేరు. ఆ రోజునుంచి చెంగు కప్పుకోవడం మానేసేరు.

మూడోరోజుకి ఊరంతా పాకింది. నాన్నగారు బడికొచ్చేరు. హెడ్మాస్టరుగారి గదిలోకి నన్ను పిలిచేరు. నాన్నగారు కుర్చీలో ఉన్నారు. టీచరుగారు గోడవార నిలబడున్నారు. హెడ్మాస్టరుగారు నాకు తెల్లకాగితం ఇచ్చి, "టీచరుగారు క్లాసులో ఏం చేసేరో రాసివ్వమ్మా. భయపడకు," అన్నారు.

జరిగింది రాస్తే మొదటి వాక్యం నేనడిగిన ప్రశ్నే అవుతుంది. అది రాయలేకపోయేను. 'టీచరుగారు బోర్డు మీద పటం గీసి అందులో మా తాతగారి పేరు రాసేరు,' అని రాసేను. కింద సంతకం పెట్టేను. నా చేతిరాత బావుంటుందని అందరూ అంటారు. ఆ కాగితం మీద కూడా బావుంది.

హెడ్మాస్టరుగారు పైకి చదివేరు.

"నేను పేరు రాయలేదండి," అన్నారు టీచరుగారు. "క్లాసులో నలభై మంది ఉన్నారు, ఎవరినైనా పిలిచి అడగండి. రాయని పేరు ఈ అమ్మాయిగారికి ఎలా తెలిసిందో మాత్రం నన్నడక్కండి."

ఆ మాట హెడ్మాస్టరుగారితో అన్నా, చూసింది మా నాన్నగారివేపు. నాన్నగారు గోడనున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు. ఇద్దరికీ నుదుళ్ళు ఒకటే, కనుబొమ్మలు ఒకటే. ఆ గదిలో అది చూడనివాళ్ళు లేరు. హెడ్మాస్టరుగారు కాగితాన్ని నాలుగుమడతలు వేసి సొరుగులో పెట్టేరు. ఎవరినీ పిలవలేదు.

నెల తిరక్కుండా బదిలీ వచ్చింది. కొత్తపేట అవతల ఏదో ఊరు. ఆవిడ వెళ్ళిన రోజు మేం రేవుగట్టు మీద ఉన్నాం. మంచం మీదే తల్లిని మోసుకొచ్చి పడవలో దింపేరు పేటవాళ్ళు. ఆ ముసలావిడ కదల్లేని మనిషి, మెడ మాత్రం తిప్పి మా కొబ్బరితోటలవేపు చూస్తోంది. టీచరుగారు తల్లి ముఖానికి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నిలబడ్డారు. పేట పిల్లలు ఏడుస్తున్నారు. "పరీక్షలు బాగా రాయండి," అని అందరికీ కలిపి చెప్పేరు. అందులో నేనూ ఉన్నాను.

ఆ మధ్యాన్నం తాతగారు అన్నానికి లేవలేదు. వేడి చేసిందన్నారు.

నేను అమలాపురంలో కాలేజీలో చేరిన రెండేళ్ళకి తాతగారు మంచాన పడ్డారు. సెలవలకి ఇంటికొచ్చి ఆయనకి జావ పట్టేదాన్ని. ఒకరోజు నాన్నగారు పొలం వెళ్ళేక, గదిలో ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, "అమ్మాయ్, మీ సైన్సు టీచరు... ఇప్పుడెక్కడ పని చేస్తందో తెల్సా?" అన్నారు.

నాకు తెలుసు. స్నేహితురాలు చెప్పింది.

"తెలీదు తాతగారూ."

"కనుక్కోగలవా?"

"చూస్తానండి," అన్నాను.

మర్నాడు అడిగేరు. ఆ మర్నాడు కూడా అడిగేరు. "కనుక్కుంటున్నానండి," అన్నాను. ఒక్క కార్డుముక్క రాస్తే చాలు, ఆవిడ వచ్చేవారు. వస్తే తాతగారిని చూడ్డానికొచ్చే చుట్టాలందరి ముందూ ఆ మంచం పక్కన కూర్చుంటారు. వాళ్ళెదురుగా ఆవిణ్ణి నేనేమని పిలవాలి? నాన్నగారికి చెల్లెలైన మనిషి నాకు అత్తయ్యగారు. ఆ పిలుపు నా నోట్లో పట్టదనిపించింది. నాలుగోరోజునుంచి తాతగారు అడగలేదు. పదిరోజులకి పోయేరు.

ఆ మరుసటేడు రాజోలు బస్టాండులో ఆవిడ కనిపించేరు. నేను పక్కకి తప్పుకుందామనుకునేలోపే నవ్వుతూ ఎదురొచ్చేరు. తలంతా నెరుస్తోంది.

"ఏం చదువుతున్నారండి?"

"బియస్సీ అండి. బోటనీ."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. సుద్ద దులుపుకున్నట్టు రెండు చేతులూ దులుపుకున్నారు, సంతోషమేస్తే అలా చేసేవారు. "నాకు తెలుసండి. మీ చేతికి ఓపికుంది," అన్నారు. వాళ్ళమ్మ పోయిందని చెప్పేరు.

"తాతగారు పోయేరని మా పేటవాళ్ళు చెప్పేరండి. బాగా బాధపడ్డారా?"

"లేదండి. పెద్దతనం."

ఆవిడ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. మాట కోసం వెతుక్కోవడం ఆవిడలో నేను చూడ్డం అదే మొదలు.

"ఆఖర్న... ఎవరినైనా అడిగేరాండి?"

బస్టాండులో జనం. సోడాబండి దగ్గర మా ఊరివాళ్ళు ఇద్దరు మావేపే చూస్తున్నారు. నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు. మిమ్మల్నే అడిగేరండి. ఆ మాటలు చెప్తే, మరి నాకెందుకు కబురు చెయ్యలేదని ఆవిడ అడుగుతారు. అడక్కపోయినా ముఖంలో కనబడుతుంది.

"లేదండి," అన్నాను. "ఎవరినీ అడగలేదు."

"ఆయ్," అన్నారు. తల ఊపేరు. "అంతేలెండి."

కొత్తపేట బస్సు వచ్చింది. "జాగ్రత్తగా చదువుకోండి," అని ఎక్కేసేరు. కిటికీ దగ్గర సీటు దొరికింది. ఆవిడ బయటికి చూళ్ళేదు.

నేనూ టీచర్నే అయ్యేను. ఆ లక్షణాల పాఠం వచ్చినప్పుడల్లా బఠాణీమొక్కలతో సరిపెట్టేదాన్ని. పిల్లల చేత ఇళ్ళ పటాలు ఎప్పుడూ గీయించలేదు. ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. 'పూజ్యులైన టీచరుగారికి' దగ్గరే ఆగిపోయేది. ఆ పిలుపు తప్పని తెలుసు, సరైనది రాయడానికి చెయ్యి రాలేదు.

ఎనభైల చివర ఒక శనివారం ఆవిడ పోయేరని కబురొచ్చింది. బడిలోనే, పాఠం చెప్తూ కూర్చుండిపోయేరట. నేను వెళ్ళేసరికి శ్మశానంలో జనం నిండిపోయున్నారు. ఎక్కువమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు. యూనిఫారాల్లో ఉన్న పిల్లల్నుంచి, నాకన్నా పెద్దవాళ్ళ దాకా. పెట్టె గోతిలోకి దించేక పాస్టరుగారు చుట్టూ చూసి, "రక్తసంబంధీకులెవరైనా ఉంటే ముందుకి రండి. మొదటి మన్ను వాళ్ళది," అన్నారు.

ఆవిడకి ఎవరూ లేరని అక్కడ అందరికీ తెలుసు. పద్ధతి కాబట్టి అడిగేరు, పద్ధతి కాబట్టి కాసేపు ఆగేరు. నేను చెప్పులు విప్పేను. కాలికింద మన్ను చల్లగా, తడిగా ఉంది. నాకూ గోతికీ మధ్య పది అడుగులు కూడా లేవు.

పక్కనున్న పెద్దావిడ నేను చెప్పులు విప్పడం చూసింది. "మీరేమవుతారండి టీచరుగారికి?" అని మెల్లిగా అడిగింది.

"స్టూడెంట్నండి," అన్నాను.

ఆవిడ తల ఊపి, నాకు బాగా కనబడాలని కొంచెం పక్కకి జరిగింది. పాస్టరుగారు ఇంకాసేపు చూసి, పుస్తకం తెరిచేరు.